గాజుపలక మీద గంజి

ఈ మధ్య మా పాత ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "కాకా, రిటైరయ్యారు కదా, తీరికే కదా, మీ అనుభవాలు రాసి పెట్టండి" అని అడిగారు. వాళ్లు ఆశిస్తున్నది చిట్కాలని నాకు తెలుసు. గాజు ఎలా కడగాలి, మైక్రోస్కోపు కటకానికి నూనె అంటితే ఏం చేయాలి, కణాలకు బూజు పట్టకుండా ఎలా చూసుకోవాలి, ఇలాంటివి. అవన్నీ ఒక పూటలో చెప్పేయవచ్చు. చాయ్ పోయిస్తే ఇంకా తొందరగా చెబుతాను. ఇక్కడ రాసేది మాత్రం ఒక తప్పు గురించి. నిజానికి రెండు తప్పులు. మొదటిది చేత్తో చేసింది, అది చిన్నది. రెండోది ఏమీ చేయకుండా కూర్చుని చేసింది.

మాది ఉత్తర తెలంగాణ నేత కుటుంబం. నాన్న పవర్‌లూమ్ పనికి సూరత్ వచ్చి, సలాబత్‌పురా వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. నేను ఆ గదిలోనే పెరిగాను. బీఎస్సీ చదువుతున్న రోజుల్లో కూడా నాన్న షిఫ్టులో సగం నేనే నడిపేవాణ్ణి. తర్వాత ఒక విశ్వవిద్యాలయంలో, జీవకణాల మీద పరిశోధన చేసే ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి అక్కడే జుట్టు నెరిపించుకున్నాను. ప్రొఫెసర్ దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ నన్ను కాకా అనేవారు. గుజరాతీలో చిన్నాన్నను అలాగే పిలుస్తారు, మా తెలంగాణలోనూ అంతే, అందుకని ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

నా ఉద్యోగంలో సగం చీకటి గదిలో గడిచింది. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండుతుంటే నేను నల్ల తెర దించుకుని మైక్రోస్కోపు ముందు కూర్చునేవాణ్ణి. కణాలకు ఎర్రగా వెలిగే రంగు పట్టిస్తే వాటి లోపలి పోగులు కనిపిస్తాయి. వాటిని యాక్టిన్ అంటారు. చిన్న చిన్న పూసలు ఒకదానికొకటి అతుక్కుని పోగవుతాయి, పని తీరాక విడిపోయి మళ్లీ పూసలవుతాయి. మొదటిసారి చూసిన రోజు కళ్లు తీయలేకపోయాను. నల్లటి నేల మీద ఎర్రటి పడుగు పరిచి ఉంది. మగ్గం లేదు, నేసేవాడు లేడు, చప్పుడు అసలే లేదు. మగ్గాల షెడ్డులో పెరిగినవాడికి చప్పుడు లేని నేత ఎంత వింతో మీకు ఎలా చెప్పను? ఆ సాయంత్రం రోజూ నడిచే దారిలోనే తప్పిపోయి, ఏదో ఆలోచిస్తూ తాపీ నది వంతెన ఎక్కేశాను. సగం దూరం వెళ్లాక గాని నా ఇల్లు ఇటు కాదని గుర్తు రాలేదు.

ఆ పోగులు వాటంతట అవి పుట్టవు. బయట నుంచి కణానికి ఒక కబురు రావాలి. కబురును లోపలికి మోసే ప్రోటీన్లు ఉంటాయి, వాటిలో ముగ్గురు అన్నదమ్ముల పేర్లు మా ల్యాబులో రోజూ వినపడేవి. రో మేలుకుంటే కణం ఈ కొస నుంచి ఆ కొసకు లావుపాటి తాళ్లు బిగుస్తాయి. రాక్ మేలుకుంటే అంచున పల్చటి కుచ్చిళ్లు లేస్తాయి. మూడోవాడికి పాపం సరైన పేరు కూడా పెట్టలేదు, సీడీసీ నలభై రెండు అంటారు, అతను మేలుకుంటే సన్నటి వేళ్లు బయటికి పొడుచుకొస్తాయి. కబురు ఆగితే ముగ్గురూ పడుకుంటారు. వాళ్లను నిద్రపుచ్చడం, లేపడం, ఎవరు ఎప్పుడు లేచారో చూడడం, మా ల్యాబు పనంతా ఇదే. ఇంత పెద్ద చదువులు చదివి మీరు చేసేది జోలపాటలా అని మా ఆవిడ నవ్వేది.

ఆ ల్యాబు పెద్దను సార్ అనే రాస్తాను. గుజరాతీ మనిషి, మాట మెత్తన, కోపం వస్తే ఇంకా మెత్తన. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి ఉండేది. తండ్రి సూరత్‌లోనే, పాండేసరలో ఒక రంగుల మిల్లులో పనిచేసేవాడు, మా జిల్లావాడే. నలుగురిలో ఉంటే హిందీ, గుజరాతీ కలిపి దంచేది. నేను ఒక్కణ్ణే ఉంటే చటుక్కున తెలుగులోకి దిగేది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. పరిశోధనకు వచ్చే స్కాలర్‌షిప్ ఇంకో ఏడాదిలో ఆగిపోతుంది, ఈలోగా సిద్ధాంత గ్రంథం ఇచ్చేయాలి. ఇవ్వలేకపోతే తిరిగి వెళ్లాల్సింది ఎక్కడికో ఆమెకు బాగా తెలుసు.

ఆమె పని రోను నిద్రపుచ్చి, తర్వాత లేపి చూడడం. కణాలకు సీరమ్ అనే పసుపు ద్రవం తిండి, అది పశువుల నెత్తురు నుంచి తీస్తారు. రోను లేపే కబురు కూడా అందులోనే ఉంటుంది. అందుకని ఒక రాత్రంతా సీరమ్ ఆపేసి, మర్నాడు ఆకలిగా ఉన్న కణాలను ఎత్తి గోరంత గాజుపలకల మీద దింపేది. కొన్నింటికి కబురు చుక్క వేసేది, కొన్నింటికి వేసేది కాదు. వేయనివాటిలో తాళ్లు ఉండకూడదు. అవి ఖాళీగా ఉంటేనే వేసినవాటిలో వచ్చిన మార్పు కబురు వల్ల వచ్చిందని చెప్పగలం.

చిక్కు ఎక్కడంటే, ఆకలి కణం గాజును సరిగ్గా పట్టుకోదు. రంగు పట్టించే ముందు అయిదారుసార్లు కడగాలి, కడిగినప్పుడల్లా కొన్ని కొట్టుకుపోతాయి. ఒక రోజు ఆమె చీకటి గదిలోంచి వచ్చి నా స్టూలు పక్కన నేల మీద కూలబడింది.

"ఏంది కాకా గిది? గిన్నిసార్లు కడుగుడేంది, గిన్ని పోవుడేంది? పొద్దుగాల్నుంచి చేస్తే ఆఖరుకు మూడు మిగిలినయి. మూడు కణాలు పట్టుకపోయి సార్‌కు ఏం చూపియ్యాలె?"

"జర ఓపిక పట్టు బిడ్డా."

"ఓపిక ఉన్నది కాకా. టైమే లేదు."

నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

గాజుపలకలు కడిగి, ఆరబెట్టి, శుద్ధి చేసి ఇవ్వడం నా పని. కణాలు జారిపోతుంటే వాడమని ఫ్రిజ్‌లో ఒక జిగురు సీసా ఉండేది. కణానికి మంచీచెడూ ఏమీ చెప్పకుండా ఊరికే అంటించి ఉంచే రకం. నేను దాన్ని చూసి నవ్వుకున్నాను. గంజి కాచిన ఇంట్లో పుట్టినవాడికి సీసాలో జిగురు కావాలా? పడుగు పోగు నిలవాలంటే ఏం పెట్టాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. సీరమ్ సీసాల అడుగున మిగిలిపోయినదాన్ని నీళ్లలో పల్చగా కలిపి, గాజుపలకల మీద పూసి ఆరబెట్టి, ఉప్పునీళ్లలో రెండుసార్లు కడిగి ఆమెకిచ్చాను. సీరమ్ తిండి కదా, కడిగేశాక ఇంకేం ఉంటుంది అనుకున్నాను. కడిగినా పోగును వదలదు కాబట్టే గంజి పెడతారన్న సంగతి, పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి, ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

ఆమెకు చెప్పలేదు. దాచాలని కాదు. మేం సూరత్ రాకముందు ఊళ్లో అమ్మ పడుగుకు గంజి పట్టించేటప్పుడు బియ్యం ఎన్ని, నూనె ఎంత, ఎన్ని రోజులు పులియాలి అన్నది పక్కింటివాళ్లకు చెప్పేది కాదు. ఎవరైనా అడిగితే కుంచె ఆపకుండా నవ్వేది. మా వాడలో ఏ ఇంటి గంజి ఆ ఇంటిదే. పైగా బట్ట తయారయ్యాక ఇంత పడుగు, ఇంత పేక అంటారు గాని ఇంత గంజి అని ఎవరూ అనరు. ల్యాబు నోటుబుక్కులో గంజికి చోటుంటుందని నాకు తోచనే లేదు.

కణాలు గాజు మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఎన్నిసార్లు కడిగినా కదల్లేదు.

"ఏం చేసిన్రు కాకా? మంత్రం గిట్ల వేసిన్రా?" అని ఆమె అడిగింది. నేను అచ్చం మా అమ్మలాగే నవ్వాను. నా జీవితంలో మళ్లీ ఎప్పుడూ అంతగా గర్వపడలేదు.

తర్వాత కొన్ని నెలలు కలలో గడిచినట్టు గడిచాయి. ఎందుకంటే కబురు చుక్క వేయని కణాల్లో కూడా తాళ్లు కనపడ్డాయి. ఖాళీగా ఉండాల్సిన చోట ఈ కొస నుంచి ఆ కొసకు ఎర్రగా, నిండుగా తాళ్లు. ఆమె మొదట భయపడింది, మళ్లీ చేసింది, మళ్లీ అదే వచ్చింది. రోను కట్టేసే మందు వేస్తే తాళ్లు కరిగిపోయాయి, అంటే లోపల రో మేలుకునే ఉందన్న మాట. మరి లేపిందెవరు? కబురు లేకుండా తనను తాను లేపుకునే రో అని సార్ ఒక రోజు బోర్డు మీద రాసి, సుద్దముక్క పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను ముందెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నాలు ముగ్గురం చీకటి గదిలో కూర్చునేవాళ్లం. ఆమె కటకం తిప్పేది, సార్ తెర మీద చూసేవారు, నేను వెనక నిలబడేవాణ్ణి. గదిలో యంత్రం గుర్రుమనే శబ్దం తప్ప ఏమీ ఉండేది కాదు. తెర మీద ఒక కణం వచ్చేది, వెళ్లేది, ఇంకొకటి వచ్చేది. కబురు లేకుండా లేచే పోగు, ఎవరూ నేయకుండా నేసుకునే బట్ట, ఈ మాటలు నా తలలో తిరుగుతూ ఉండేవి. బస్సులో కూర్చుంటే నేను దిగాల్సిన స్టాపు దాటిపోయేది. అన్నం తింటూ కంచంలో గీతలు గీసేవాణ్ణి. ఎరుగని ఊళ్లో ఎవరో మంచివాళ్ల ఇంట్లో అతిథిగా ఉన్నట్టుండేది ఆ కాలమంతా.

మా అక్క మనవరాలి పెళ్లికి వారం సెలవు పెట్టి ఊరెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం వాడిపోయి ఉంది. నేను లేనప్పుడు స్టోర్ చూసుకునే గుజరాతీ అక్క, బెన్ అంటాం, డబ్బాలోంచి కొత్త గాజుపలకలు తీసి ఇచ్చిందట.

"మీరు లేకపోతె నా కణాలు గూడ అలిగినయి కాకా. సగం కడుగుల్నే పోయినయి. ఉన్నయేమో ఖాళీ. ఒక్క తాడు లేదు. బీమారు పడ్డయో ఏమో. మీరు మల్ల మీ గాజు ఇయ్యుండ్రి."

మీ గాజు. ఆ మాటతో నా గంజి గుర్తొచ్చింది. చేతులు కడుక్కున్నాను, మళ్లీ కడుక్కున్నాను.

ఆ మధ్యాహ్నం భోజనాల గంటలో కునుకు పడితే కల వచ్చింది. పెద్ద షెడ్డు, వరసగా మగ్గాలు, అన్నీ ఆడుతున్నాయి, ఒక్కటీ చప్పుడు చేయడం లేదు. నేను ప్రతి మగ్గం దగ్గరికీ వెళ్లి దాన్ని ఎవరు నడుపుతున్నారో చూస్తున్నాను. ఎవరూ లేరు. వంగి కింద చూస్తే మా అమ్మ కూర్చుని ఉంది, నన్ను చూసి నవ్వింది. లేచేసరికి చొక్కా తడిసిపోయి ఉంది.

మర్నాడు ఆమె లేని సమయం చూసి నేనే ప్రయోగం చేశాను. ఒకే గిన్నెలో రెండు గాజుపలకలు. ఒకటి నా గంజిది, ఒకటి ఉత్తది. ఒకే కణాలు, ఒకే ఆకలి. రంగు పట్టించి చీకటి గదిలో కూర్చున్నాను. ఉత్త గాజు మీద కణాలు గుండ్రంగా, చీకటిగా, నిద్రపోతూ ఉన్నాయి. గంజి గాజు మీద తాళ్లు. మేము పైనుంచి తిండి ఆపేశాం గాని, అడుగున అంటుకున్న సీరమ్ పొర కణాల అరికాళ్లకు కబురు చెబుతూనే ఉంది. తనను తాను లేపుకున్న రో ఎక్కడా లేదు. లేపింది నేను. ఆ రెండు గాజులూ పక్కపక్కన ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. అప్పుడు కూడా అది అందంగానే కనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సిద్ధాంత గ్రంథం ఇచ్చే ముందు జరిగే సెమినార్‌కు మూడు రోజులుంది. బయటి ఊరి నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వస్తున్నారు. సార్ ఢిల్లీలో ఉన్నారు, ఆ రోజు ఉదయమే దిగుతారు. నేను ఆమెను చీకటి గదిలోకి పిలిచి రెండు గాజులూ చూపించాను, ఏం పూశానో చెప్పాను.

ఆమె కటకం కింద రెండు గాజులూ మార్చి మార్చి చూసింది.

"మరి రాయలేదేంది కాకా?"

"తోచలేదు బిడ్డా."

"ఒక్క మాటన్న చెప్పొద్దా? నేను అడిగిన గదా, మంత్రం వేసిన్రా అని."

ఆమె కోప్పడి అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఆ రెండు రోజులూ కూర్చుని, ఫ్రిజ్‌లోని సీసా జిగురుతో తనే గాజు తయారు చేసుకుని, మొత్తం మళ్లీ చేసి చూసుకుంది. కణాలు నిలిచాయి, ఖాళీగా నిలిచాయి. కబురు చుక్క వేసినవాటిలో మాత్రం తాళ్లు లేచాయి. నిమిషానికో పలక చొప్పున తీసి రంగు పట్టించి, వరసగా పేర్చి చూసుకుంటూ పోతే మొదట ఏమీ లేదు, తర్వాత అంచున వణుకు, తర్వాత సన్నటి గీతలు, చివరికి నిండు పడుగు. పుస్తకాల్లో ఎప్పుడో రాసి ఉన్నదే. అందులో కొత్త ఏమీ లేదు.

"సార్ రాంగనే చెప్పేద్దామా?" అన్నాను.

"రాంగనే సెమినారే గద. ఫోన్ల చెప్పే ముచ్చట కాదు. ఆడనే చెప్తా. తప్పుది చూపియ్యను."

"పూత సంగతి నేను చెప్తా బిడ్డా. నా చెయ్యి చేసింది, నా నోరు చెప్పాలె."

ఆమె నా వైపు చూసి తల ఊపింది. "సరే కాకా. గా పూత స్లైడ్ వచ్చినప్పుడు మీరు లేసి చెప్పుండ్రి. నేను చెప్తే మీ మీద చాడీ చెప్పినట్టుంటది."

అలాగేనన్నాను. మీరిది గుర్తుపెట్టుకోండి. మాట ఇచ్చింది నేను, అది కూడా ఆమె అడక్కముందే.

సెమినార్ ఉదయం పదింటికి. హాలు నిండా జనం. మొదలుపెట్టే ముందు సార్ ఆ పెద్ద ప్రొఫెసర్‌కు అందరినీ పరిచయం చేస్తూ, వెనక ప్రొజెక్టర్ పక్కన కూర్చున్న నన్ను చూపించి, "ఈయన చేతుల మీదే మా ల్యాబు నడుస్తుంది, ఇన్నేళ్లలో ఆ చేతులు తప్పు చేయలేదు" అన్నారు. అందరూ తిరిగి చూశారు. నేను నమస్కారం పెట్టాను. ఆ నమస్కారం దగ్గరే నాకు పక్షవాతం వచ్చిందనుకుంటాను.

ఆమె ఆ స్లైడ్ దగ్గరకు వచ్చింది. కొన్ని నెలలుగా మేం చూసిన తాళ్లు కబురు లేకుండా పుట్టినవి కావని, గాజు మీద సీరమ్ పూత ఉందని, అది నోటుబుక్కులో లేదని, తన పెద్ద ఫలితం నిలవదని చెప్పింది. హాలులో ఒక్కసారి గుసగుసలు లేచి ఆగిపోయాయి. సార్ ముందు వరసలో కూర్చున్నారు, నాకు ఆయన వీపే కనిపిస్తోంది.

"పూత ఎవరు వేశారు?" అని సార్ అడిగారు. చాలా మెత్తగా అడిగారు.

నేను ప్రొజెక్టర్ వైరు చూస్తున్నాను. లేవాలని కాళ్లకు చెబుతున్నాను. రోజంతా కణాలను లేపే మనిషిని, నన్ను లేపే కబురు మాత్రం నాలో ఎక్కడో ఆగిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది. కిటికీ బయట ఎవరో గుజరాతీలో ఫోన్ మాట్లాడుకుంటూ వెళుతున్నారు. నేను నీళ్ల అడుగున కూర్చుని పైన మాట్లాడేవాళ్లను వింటున్నట్టుంది.

"పూత ఎవరు వేశారు?"

"నేనే వేశాను సార్. రాయలేదు. తప్పు నాదే" అంది ఆమె.

అయిపోయింది. సార్ బయటి ప్రొఫెసర్ వైపు తిరిగి ఇంగ్లీషులో క్షమాపణ చెప్పారు. హాలు ఖాళీ అయ్యాక నడవాలో ఆమె నా పక్కనుంచి వెళుతూ, "చాయ్ తాగిన్రా కాకా?" అని మామూలుగా అడిగింది. తాగలేదన్నాను. తాగమంది. అంతే.

సార్‌కు రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు పదకొండేళ్లు నడిచింది. మొదటి వారం భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం అన్న తెలివి. ఆమెకు గడువు పొడిగించారు, స్కాలర్‌షిప్ పొడిగించలేదు. ట్యూషన్లు చెప్పుకుంటూ పని మొత్తం మళ్లీ చేసి, చిన్న గ్రంథం ఒకటి ఇచ్చి డిగ్రీ తీసుకుంది. బెంగళూరులో ఒక మంచి చోటికి దరఖాస్తు పెడితే, సార్ రాయాల్సిన సిఫారసు ఉత్తరం పొడిపొడిగా రాశారు. ఆయన్ను తప్పుపట్టలేను, ఆయనకు తెలిసిన మేరకు న్యాయంగానే రాశారు. ఆ ఉద్యోగం రాలేదు. వడోదరలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే పనిలో చేరింది.

అన్నిటికన్నా నన్ను తిన్నది వేరే ఉంది. ఏటా కొత్త పిల్లలు చేరినప్పుడు సార్ వాళ్లకు మొదటి రోజే ఒక కథ చెప్పేవారు. వెనకటికి ఒక అమ్మాయి ఉండేది, తెలివైనదే, గాజుకు పూత వేసి రాసుకోలేదు, ఏం జరిగిందో చూడండి అని. పేరు చెప్పేవారు కాదు. నేను అదే గదిలో పలకలు తుడుస్తూ ఉండేవాణ్ణి. కథ అయ్యాక పిల్లలు బుద్ధిగా నోటుబుక్కులు తెరిచేవారు. ఏటా ఒకసారి వినేవాణ్ణి, విని చెయ్యి ఆపకుండా తుడిచేవాణ్ణి.

నా పదవీ విరమణ రోజు ల్యాబులోనే చిన్న సభ పెట్టారు. ఆమె వడోదర నుంచి రైలెక్కి వచ్చింది. కొంచెం లావైంది, కళ్లజోడు వచ్చింది, వెనక గోడకు ఆనుకుని నిలబడింది. సార్ నా గురించి మంచి మాటలు చాలా చెప్పారు. చెబుతూ చెబుతూ అలవాటుగా ఆ కథలోకి వెళ్లారు. ఒక విద్యార్థి పూత వేసి రాయకపోతే ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు, అదే మన కాకా చేతులైతే, అంటూ ఏదో అంటున్నారు. ఆ విద్యార్థి గదిలోనే ఉందన్న సంగతి ఆయనకు ఆ క్షణంలో గుర్తు లేదు.

నేను లేచాను. ఆయన వాక్యం పూర్తికాకుండానే లేచాను.

"సార్, ఆ పూత వేసింది నేను. ఆమె కాదు. ఆమెకు ఆ సంగతే తెలియదు. సెమినార్‌లో నేనే లేచి చెబుతానని మాటిచ్చి, లేవలేదు."

హిందీలో చెప్పాను. నా గొంతు నాకే చాలా దూరం నుంచి వినిపించింది. సార్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. గదిలో పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సార్ నెమ్మదిగా వెనక గోడ వైపు చూసి, ఆమెను పేరు పెట్టి పిలిచారు. కాసేపటికి ఎవరో కేకు పట్టుకొచ్చారు.

జనం కాస్త పలచబడ్డాక ఆమె కాగితం ప్లేటులో కేకు ముక్క, శనగపిండితో ఆవిరి మీద చేసే ఖమణ్ రెండు ముక్కలు పెట్టుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు కాకా. ఇయ్యాల మంచిగ చెప్పిన్రు."

"ఆనాడు నువ్వెందుకు మీద వేసుకున్నవ్ బిడ్డా? నా పేరు చెప్తే అయిపోతుండె గద."

ఆమె ఖమణ్ ముక్క తుంచింది, తినలేదు.

"మీ మీద ప్రేమతోని వేసుకున్న అనుకుంటున్రా? కాదు కాకా. సార్ ఫస్ట్ అడిగినప్పుడు నేను చెప్పలే, యాదికున్నదా? మీరు లేస్తరని ఆగిన. ఇంక జరసేపు గూడ ఆగుతుంటి. సార్ రెండోసారి అడిగిండు. మీ పేరు నేను చెప్తే చాడీ అయితదని నా పేరు చెప్పిన."

సార్ రెండుసార్లు అడిగిన మాట నిజం. నేను రెండుసార్లూ విన్నాను.